నీళ్ళ కింద తూకం

ఏమర్రా, జలాంతర్గామి అంటే నీళ్ళలో మునిగే ఓడ అని మీకందరికీ తెలుసు. అయితే మునగడం పెద్ద విద్యేం కాదు. చిల్లు పడితే ఏ ఓడైనా మునుగుతుంది. మునిగాక అనుకున్న లోతులో ఆగాలి, అనుకున్న వేళకు పైకి రావాలి. అదీ విద్య. ఆ విద్యలో ఆరితేరిన ఒక ఇటలీ జలాంతర్గామి సంగతి ఇవాళ చెబుతాను. దాని పేరు షిరే. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రంలో తిరిగింది. టార్పెడో వేసి అది ముంచిన వాటిలో చెప్పుకోదగ్గది 1940 జూలైలో సార్డీనియా దగ్గర ముంచిన ఫ్రెంచి సరుకుల ఓడ, అదీ వెయ్యి టన్నుల చిన్న ఓడ. అయినా అలెగ్జాండ్రియాలో రెండు బ్రిటిష్ మహా యుద్ధనౌకలు ఒకే తెల్లవారుజామున అడుగు పట్టడానికి కారణం ఈ షిరేయే. ఆ పని అది టార్పెడోలతో చేయలేదు. మనుషుల్ని మోసుకెళ్ళి గుమ్మం దగ్గర దింపి వచ్చింది, అంతే.

"ఎవర్ని మోసింది తాతయ్యా?" అంటారు. చెబుతా, ముందు తూకం సంగతి కానివ్వండి. అది లేకపోతే కథే లేదు.

షిరేని ఇటలీలో లా స్పెజియా పక్కనున్న ముజ్జానోలో కట్టి 1938లో నీళ్ళలోకి దించారు. పొడవు 60 మీటర్లు. నీటి మీద తేలేటప్పుడు అది పక్కకు తోసే నీరు సుమారు 680 టన్నులు, పూర్తిగా మునిగితే దాదాపు 860 టన్నులు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుందని చెప్పిన ఆర్కిమెడిస్ కూడా ఆ సముద్రపు మనిషే, సిసిలీలోని సిరాక్యూస్ వాడు. ఆయన లెక్కే ఇది. 680 టన్నుల ఓడ మునగాలంటే ఇంకో 180 టన్నుల బరువు కావాలి. ఆ బరువు సముద్రంలోనే ఊరికే దొరుకుతుంది. ఓడ పక్కల ఉన్న తొట్టెల మూతలు తెరిస్తే నీళ్ళు లోపలికి వస్తాయి, ఓడ దిగుతుంది. గట్టిగా నొక్కి ఉంచిన గాలిని ఆ తొట్టెల్లోకి వదిలితే నీళ్ళు బయటకు పోతాయి, ఓడ లేస్తుంది.

ఇంతవరకూ తేలికే. చిక్కు ఎక్కడంటే, నీటి బరువు అన్నిచోట్లా ఒకటి కాదు. ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళలో కోడిగుడ్డు వేసి చూడండి, అడుగుకు పోతుంది. ఉప్పు కలుపుతూ పోండి, కాసేపటికి అదే గుడ్డు పైకి వస్తుంది. గుడ్డు మారలేదు, నీళ్ళు బరువెక్కాయి. షిరే లోపల కూర్చున్న వాళ్ళకు రోజూ ఇదే లెక్క.

మధ్యధరా సముద్రం మహా ఉప్పన. లీటరు నీటికి 38, 39 గ్రాముల ఉప్పు ఉంటుంది. అట్లాంటిక్‌లో 36 చిల్లర. మన బంగాళాఖాతంలో అంతకన్నా తక్కువ, ఎందుకంటే గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ అన్నీ మంచినీళ్ళు తెచ్చి అందులోనే పోస్తాయి. మధ్యధరాకి ఆ భాగ్యం లేదు. దక్షిణాన సహారా ఎడారి. వానలు, నదులు తెచ్చే నీటికన్నా ఎండకు ఆవిరైపోయే నీరే ఎక్కువ. ఆ లోటు తీర్చడానికి జిబ్రాల్టర్ దగ్గర 14 కిలోమీటర్ల ఇరుకు సందులోంచి అట్లాంటిక్ నీరు పైపొరలో లోపలికి ప్రవహిస్తూ ఉంటుంది. బరువైన ఉప్పునీరు అడుగు పొరలో బయటకు పోతుంది. ఒకే సందులో పైన ఒక దిక్కుకి, కింద ఇంకో దిక్కుకి! సుమారు 60 లక్షల ఏళ్ళ కిందట ఆ సందు మూసుకుపోతే మధ్యధరా చాలా మేరకు ఎండిపోయింది. అప్పటి ఉప్పు మేటలు సముద్రం అడుగున ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు షిరే ఆ సందు దగ్గరికి వచ్చిందనుకోండి. బరువైన మధ్యధరా నీటిలోంచి తేలికైన అట్లాంటిక్ నీటిలోకి రాగానే 860 టన్నుల ఓడకి నీటి ఆసరా టన్నుకు పైనే తగ్గిపోతుంది. ఓడ దానంతటదే కిందికి జారుతుంది. వెంటనే చిన్న తొట్టెల్లోంచి నీళ్ళు బయటకు తోడాలి. ఎక్కువ తోడితే శత్రువు కళ్ళెదుట నీటి మీదికి తేలుతుంది. పైగా తూర్పు నుంచి వచ్చే షిరేకి పైపొర ప్రవాహం ఎదురు. ఆ సుడుల మధ్య తూకం సరిచూసుకుంటూ, మోటారు చప్పుడు వీలైనంత తగ్గించుకుంటూ, జిబ్రాల్టర్ బ్రిటిష్ రేవుకు ఎదురుగా ఉన్న ఆల్జెసీరాస్ అఖాతంలోకి వెళ్ళి అడుగున కూర్చునేది. 1940 సెప్టెంబరు నుంచి 1941 సెప్టెంబరు దాకా నాలుగుసార్లు అటు వెళ్ళింది. ఒకసారి రేవులో పెద్ద ఓడలు లేవని వెనక్కి పిలిచారు. రెండుసార్లు అది మోసుకెళ్ళిన మనుషుల పరికరాలు మొరాయించాయి. నాలుగోసారి, 1941 సెప్టెంబరు 20న, ఫియోనా షెల్ అనే చమురు ఓడ మునిగింది, ఇంకో రెండు ఓడలు దెబ్బతిన్నాయి. ఆ పరికరాలేమిటో ఇప్పుడు చూద్దాం.

షిరే వీపు మీద మూడు ఉక్కు గొట్టాలు బిగించారు, ముందు ఒకటి, వెనక రెండు. ఒక్కో గొట్టంలో ఒక వింత వాహనం. తేసేయో తేసేయి, ఎలియోస్ తోస్కీ అనే ఇద్దరు నౌకాదళ ఇంజినీర్లు 1930లలో దానికి రూపం ఇచ్చారు. చూడ్డానికి టార్పెడోలాగే ఉంటుంది, పొడవు సుమారు ఏడు మీటర్లు. కాకపోతే దాని మీద ఇద్దరు మనుషులు ముందూ వెనకా కూర్చుని నడుపుతారు. బ్యాటరీతో నడుస్తుంది. వేగం మనిషి నడకంత. ముక్కు దగ్గర 220 నుంచి 300 కిలోల పేలుడు మందు. ఆ ముక్కును విడదీసి శత్రు ఓడ అడుగున తగిలించి, గడియారం తిప్పి వచ్చేయాలి. నావికులు దాన్ని పంది అని పిలుచుకున్నారు. చెప్పిన మాట విననప్పుడు అంతకన్నా గౌరవం ఏమిస్తారు? అది లోతు ఒత్తిడికి ఎక్కువ ఓర్చుకోలేదు. అందుకే గట్టి గొట్టాల్లో పెట్టి మోయాల్సి వచ్చింది.

అసలు కిటుకు ఊపిరిలో ఉంది. మామూలు డైవర్ వదిలిన గాలి బుడగలై పైకి వస్తుంది. రేవులో కాపలా వాడికి అంతకన్నా ఏం కావాలి? అందుకని వీళ్ళు బుడగలు రాని పద్ధతి పట్టారు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం మిగిలే ఉంటుంది. అంటే పారేసే దాంట్లో సరుకు బోలెడు. చెడ్డదల్లా కార్బన్ డయాక్సైడ్. దాన్ని సున్నం, కాస్టిక్ సోడా కలిపిన పలుకులున్న డబ్బాలోంచి పోనిస్తే సున్నం పీల్చేసుకుంటుంది. మిగిలిన గాలి ఛాతీ మీది సంచిలోకి వస్తుంది. సిలిండర్లోంచి కాస్త ఆక్సిజన్ కలుపుకుని మళ్ళీ అదే పీలుస్తారు. బుడగ ఒక్కటి కూడా పైకి రాదు.

"అయితే ఆక్సిజన్ మంచిదేగా?" అనకండి. పది మీటర్ల లోతుకు వెళితే ఒత్తిడి రెండింతలు అవుతుంది. ఆ ఒత్తిడిలో శుద్ధ ఆక్సిజన్ మెదడుకు విషం. మూర్ఛ వస్తుంది, నోట్లోంచి గొట్టం జారిపోతుంది. ఈ కాలపు డైవర్లు శుద్ధ ఆక్సిజన్‌తో ఆరు మీటర్ల లోతు దాటరు. ఆ రోజుల్లో వీళ్ళు అంతకు రెట్టింపు లోతులో పనిచేశారు. సున్నం డబ్బాలోకి నీళ్ళు వస్తే నోరు కాలిపోతుంది, అది వేరే బాధ.

ఇక 1941 డిసెంబరు. షిరే 3న లా స్పెజియా వదిలింది. లేరోస్ దీవి దగ్గర ఆరుగురు డైవర్లను ఎక్కించుకుంది. కెప్టెన్ జూనియో వలేరియో బోర్గేసే. ఈజిప్టు తీరంలో మైన్లు పెట్టి ఉంటారని 60 మీటర్ల లోతున, దాదాపు అడుగును ఆనుకుంటూ నడిపాడు. 18వ తేదీ రాత్రి అలెగ్జాండ్రియా దీపస్తంభానికి రెండు కిలోమీటర్లకు కొంచెం పైబడిన దూరంలో, 15 మీటర్ల లోతులో ఆగింది. ఆరుగురూ బయటకు వచ్చి గొట్టాల్లోంచి పందుల్ని తీసుకుని వెళ్ళిపోయారు. షిరే వెనక్కి తిరిగింది. దాని పని అక్కడితో సరి.

రేవు ముఖద్వారానికి ఉక్కు వల అడ్డం. సరిగ్గా ఆ వేళకి బ్రిటిష్ డిస్ట్రాయర్లు తిరిగి వస్తుంటే వల తెరిచారు. వాటి వెనకే మూడు పందులూ లోపలికి జొరబడ్డాయి. అదృష్టం కూడా ఉండాలి మరి.

ఆంతోనియో మార్చేల్యా, స్పార్తాకో స్కెర్గాత్ ఇద్దరూ పుస్తకంలో రాసినట్టుగా పని చేసుకుపోయారు. క్వీన్ ఎలిజబెత్ అనే యుద్ధనౌక అడుగున మందు వేలాడదీసి ఒడ్డుకు ఈదారు. విన్చెంజో మార్తెల్లోత్తా, మారియో మారీనో ఒక చమురు ఓడ సంగతి చూశారు. లుయీజీ దురాన్ దె లా పెన్నే, ఎమీలియో బియాంకి ఇద్దరికీ మాత్రం అన్నీ అడ్డంకులే. వేలియంట్ అనే యుద్ధనౌక దగ్గరికి వచ్చేసరికి పంది ప్రొపెల్లర్‌కి ఉక్కు తీగ చుట్టుకుని అడుగుకు పడిపోయింది. బియాంకి స్పృహ తప్పి పైకి తేలాడు. దె లా పెన్నే ఒక్కడే, బురదలో ఏమీ కనిపించకపోయినా, ఆ బరువును అంగుళం అంగుళం లాగి ఓడ కిందికి చేర్చాడు. పైకి వచ్చాక ఇద్దరూ దొరికిపోయారు. ఎంత అడిగినా నోరు విప్పలేదు. తీసుకెళ్ళి ఓడ అడుగు అరలో పెట్టారు, మందు ఉన్న వైపే! పేలడానికి కొద్ది నిమిషాల ముందు దె లా పెన్నే ఓడ కెప్టెన్ చార్లెస్ మోర్గాన్‌ని చూడాలని అడిగి, ఓడ పేలబోతోంది, మీ వాళ్ళను కాపాడుకోండి అన్నాడు. మందు ఎక్కడ పెట్టావంటే చెప్పలేదు. మళ్ళీ కిందికే పంపారు.

ఆరు గంటల ప్రాంతంలో వరసగా పేలాయి. నీరు నొక్కితే నలగదు. గాలిలో అయితే పేలుడు బలం నాలుగు వైపులా చెదిరిపోయేది. ఓడ అడుగున పేలితే నీరు ఆ దెబ్బను తినకుండా ఓడకే అప్పజెబుతుంది. అందుకే 300 కిలోల మందు 30 వేల టన్నులకు పైబడిన ఓడను కూర్చోబెట్టింది. క్వీన్ ఎలిజబెత్ మీద ఎనిమిది మంది చనిపోయారు. రేవు లోతు తక్కువ కాబట్టి రెండు నౌకలూ నిటారుగా అడుగు పట్టాయి, డెక్కులు నీటి పైనే ఉన్నాయి. బ్రిటిష్ అడ్మిరల్ కన్నింగ్‌హామ్ తెలివైనవాడు. ఏమీ జరగనట్టే రోజువారీ లాంఛనాలన్నీ ఆ డెక్కు మీదే నడిపించాడు. పైనుంచి విమానంలో చూసేవాడికి ఓడ తేలుతోందో అడుగున కూర్చుందో తెలియదు కదా!  అంతకు నెల ముందే బర్హాం అనే యుద్ధనౌకను ఒక జర్మన్ జలాంతర్గామి ముంచింది. ఇక తూర్పు మధ్యధరాలో బ్రిటన్‌కి పనికొచ్చే మహా యుద్ధనౌక ఒక్కటీ మిగల్లేదు. ఆ లోటును ఇటలీ నౌకాదళం పూర్తిగా వాడుకోలేకపోయింది.

1945లో దె లా పెన్నేకి ఇటలీ బంగారు పతకం ఇచ్చినప్పుడు అది అతని ఛాతీకి తగిలించింది ఎవరో తెలుసా? ఆనాటి వేలియంట్ కెప్టెన్ మోర్గాన్. అప్పటికి ఇటలీ బ్రిటన్ వైపుకు వచ్చేసింది. బోర్గేసే మాత్రం రాలేదు. జర్మన్ల పక్కనే నిలబడి సొంత దేశపు ప్రతిఘటన దళాల మీద పోరాడాడు. 1970లో ప్రభుత్వాన్ని కూల్చబోయి స్పెయిన్‌కి పారిపోయాడు. గొప్ప నావికుడు, చెడ్డ పౌరుడు. రెండూ చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

జలాంతర్గామి లోపల గాలి కూడా సులువైనది కాదర్రా. నీటి కింద మోటార్లు సీసం బ్యాటరీలతో నడుస్తాయి. వాటిలోకి సముద్రపు నీరు దిగితే ఉప్పులోంచి క్లోరిన్ విషవాయువు పుడుతుంది. డీజిల్ ఇంజన్లకి గాలి కావాలి కాబట్టి రాత్రిళ్ళు పైకి తేలి బ్యాటరీలు నింపుకోవాలి. షిరే తరగతికే చెందిన మకల్లే అనే జలాంతర్గామి 1940 జూన్‌లో ఎర్రసముద్రంలో ఉండగా చల్లదనం కోసం పెట్టిన యంత్రంలోంచి మిథైల్ క్లోరైడ్ కారింది. రంగు లేదు, వాసన తెలియదు. సిబ్బంది మతులు తప్పి ఓడను గట్టు ఎక్కించేశారు. శత్రువు గుండు ఒక్కటి తగలకుండానే ఓడ పోయింది.

షిరే చివరి ప్రయాణం 1942 ఆగస్టులో, పాలస్తీనా తీరాన హైఫా రేవుకు. అప్పటికి కెప్టెన్ బ్రూనో జెలిచ్. రహస్య సందేశాల లిపి విప్పిన బ్రిటిష్ వాళ్ళు ముందే కాచుకుని ఉన్నారు. నీటి కింద కళ్ళు పనిచేయకపోయినా చెవులు పనిచేస్తాయి. ఓడ నుంచి చప్పుడు పంపి అది తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటారు. లోతైన సముద్రంలో వెచ్చని పైపొరకీ చల్లని అడుగు పొరకీ మధ్య శబ్దం వంగిపోతుంది, ఆ కింద దాక్కోవచ్చు. హైఫా దగ్గర షిరేకి దొరికిన లోతు 33 మీటర్లే. దానికి తోడు మధ్యధరాలో పోషకాలు తక్కువ, కాబట్టి నాచు తక్కువ, నీరు అద్దంలా తేట. అందుకే పైనుంచి విమానాలకి కూడా జలాంతర్గామి కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. ఆగస్టు 10న ఐలా అనే చిన్న బ్రిటిష్ గస్తీ ఓడ దాన్ని పసిగట్టి నీటి బాంబులు వేసింది. లోపలున్న సుమారు అరవై మందిలో ఒక్కరూ మిగల్లేదు. 1984లో ఇటలీ నౌకాదళం వారి అస్థికల్ని వెలికితీసి స్వదేశానికి తీసుకెళ్ళింది. షిరే భాగం ఒకటి రోమ్‌లోని విత్తోరియానో మ్యూజియంలో ఉంది.

ఇప్పుడు ఇటలీ దగ్గర షిరే పేరుతోనే ఇంకో జలాంతర్గామి ఉంది. దానికి హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్స్ ఉన్నాయి, రోజుల తరబడి పైకి రానక్కర్లేదు. పాత పద్ధతి కళ్ళారా చూడాలంటే మీరు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర అనే జలాంతర్గామి లోపలికి వెళ్ళండి. అది 91 మీటర్లు, షిరేకి ఒకటిన్నర రెట్లు. అదీ డీజిల్, బ్యాటరీల మీద నడిచిందే. పెరిస్కోప్ దగ్గర ఫొటోలు తర్వాత దిగుదురుగాని, ముందు అక్కడి గైడ్‌ని బ్యాటరీలు ఎక్కడుండేవో, నీళ్ళ తొట్టెలు ఎక్కడున్నాయో చూపించమని అడగండి.