రాష్ట్రేతరాంధ్రుల పాటలు: భద్రపఱచువా రెవ్వరు?

జానపదగేయములపై మనవారికి నే డాదరము లేదని యెవ్వరును నిందింపజాలరు. సినిమాలలో వాని పల్లవులు వినవచ్చుచునే యున్నవి. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యగారికి 2022వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదము లభించినపుడు తెలుగువారు సంతసించిరి. కాని యాదరించుట వేఱు, భద్రపఱచుట వేఱు. ఒక పాటను విని యానందించిన తరము గడచిన పిమ్మట దానిని మరల వినగోరువాడు ఎచ్చటి కేగవలయును? ఈ ప్రశ్న తెలుగుదేశమునందే చిక్కైనది. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురములందలి తెలుగిండ్ల పాటల విషయమున మఱింత చిక్కై యున్నది.

పాటలు సేకరించుట మనకు క్రొత్త గాదు. 1874లోనే బాయిల్ అను దొర ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో సర్వాయి పాపని పాట మొదలగు తెలుగు వీరగాథలను గూర్చి వ్రాసెను. నందిరాజు చలపతిరావుగారు స్త్రీల పాటలను, టేకుమళ్ళ కామేశ్వరరావుగారు పాత పాటలను, నేదునూరి గంగాధరముగారు పల్లెపదములను ప్రోగుచేసి యచ్చొత్తించిరి. బిరుదురాజు రామరాజుగారు 1950వ దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయసాహిత్యముపై పరిశోధనము గావించి, ఆ విషయమునకు పండితసభలలో స్థానము గల్పించిరి. వీరి ఋణము తీర్పరానిది. అయినను కాగితమునకు చిక్కినది పాటలోని మాట మాత్రమే. దంపుడుపాట అచ్చులో నాలుగు చరణములుగ గనుపించును. రోటికడ విన్నచో, రోకలిపోటు పడుచోట మాట తెగును; ఊపిరి విడుచుచోట నొక హుంకారము చేరును; ఇద్దఱు దంచునపుడు పాట యొకరి నోటినుండి యొకరి నోటికి మాఱును. అచ్చు వేయువాడు పల్లవి నొకమాఱు వ్రాసి తక్కినచోట్ల చుక్కలు పెట్టును. పాడునామెకు పల్లవియే పాట. పుస్తకమున రెండు నిమిషములలో ముగియు జోలపాట, ఇంటిలో బిడ్డ నిద్రించువఱకు సాగును. బిడ్డ నిద్రింపకున్న తల్లి క్రొత్త చరణములు కట్టును. ఆ చరణములు ఏ పుస్తకమునను లేవు.

ధ్వనిని బట్టు యంత్రము వచ్చిన పిదప నీ కొఱత తీఱవలసినది. మద్రాసు మ్యూజియపు అధికారి థర్‌స్టన్ దొర, 1909లో వెలువడిన తన కులచరిత్ర సంపుటములకై తిరుగు దినములలో ఫోనోగ్రాఫును వెంట గొనిపోయి కొండజాతుల పాటలను పట్టెను. తరువాత గ్రియర్సన్ దొర నడపిన భాషాపరిశీలనమునకై 1913 మొదలు 1929 వఱకు గ్రామఫోను రికార్డులపై దేశభాషల నమూనాలు పట్టబడినవి. తప్పిపోయిన కుమారుని కథను ఆయా భాషలలో చెప్పించుటయే యా కార్యమున ప్రధానము. నడుమ నడుమ పాటలును జేరినవి. నూఱేండ్ల నాటి యా గొంతుకలను నేడు ఇంటినుండియే యంతర్జాలమున వినవచ్చును. భాషాశాస్త్రమునకై చేసిన సర్కారు పనిలో దైవికముగ జేరిన పాట నిలిచినది. పాటకొఱకే యూరూర తిరిగిన మన సేకర్తలు చెవులార విన్న గొంతుకలు వారితోనే పోయినవి. భేదమునకు కారణము సులభము. ఆ రికార్డులకు వరుససంఖ్య గలదు, పట్టిక గలదు, ఉంచిన చోటు గలదు. ఆర్కైవు అని నేడు పిలువబడు ధ్వనిభాండారమున కివియే ప్రాణములు, భవనము కాదు.

గ్రామఫోనుకు తరువాత టేపు వచ్చినది. దానితో పని సులభమైనది, ప్రమాదమును పెరిగినది. టేపుపై నయస్కాంతపుపొడిని అంటించియుంచు జిగురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడి, త్రిప్పునపుడు యంత్రమునకు అతుకుకొనును. సముద్రతీరపు టూళ్ళలో దీనిని గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. టేపు బాగుగ నున్నను దానిని వినిపించు యంత్రములు తయారగుట దాదాపు నిలిచిపోయినది, బాగుచేయువారును అరుదైరి. అంతర్జాతీయ ధ్వనిభాండారముల సంఘమువారు యునెస్కోతో గలిసి 2019లో లోకమునంతటిని హెచ్చరించుచు, 2025 ప్రాంతమునకు టేపులను మరల వినుట మిక్కిలి దుస్సాధ్యము కాగలదనిరి. ఆ గడువును దాటినది. పరిశోధనపట్టమునకై యొకప్పు డెవరో పట్టిన టేపులు అటకమీద మిగిలియున్న యిండ్లవారు వానిని పాతసామానువానికి వేయకముందు ఒకమాఱు ఆలోచింతురు గాక.

ఇక ఎల్లల మాట. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి పట్టణ మందు జేరినపుడు, సవరభాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పండితు డూరు విడువగలడు, ఊరిపాట విడువజాలదు. 1953, 1956 సంవత్సరములలో మరల నెల్లలు గీయబడినవి. ఆ యెల్లల ననుసరించియే విద్యాసంస్థలును వెలసినవి. 1985లో హైదరాబాదున తెలుగు విశ్వవిద్యాలయము, 1991లో హంపియందు కన్నడ విశ్వవిద్యాలయము స్థాపితములైనవి. ఒక్కొక్కదానికి తన భాషయే ముఖ్యము, తన రాష్ట్రమే క్షేత్రము. అది దోషమని నే ననను. కాని భాష యొకటియు రాష్ట్రము వేఱొకటియు నైనచోట పాట యిరువురి లెక్కలోను జేరదు.

దరోజి గ్రామపు బుఱ్ఱకథ ఈరమ్మగారి చరిత్రము చూడుడు. బళ్ళారి మండలము సండూరు తాలూకాలో బుడగజంగముల కులమున నామె జన్మించినది. ఆ కులమువారి యింటిమాట తెలుగు. ఆమె కథలు చెప్పినది కన్నడమున. కుమారరాముని కథ మొదలగు దీర్ఘగాథలను నోటనే నిలుపుకొని పాడుచుండెడిది. కన్నడ పండితు లామె పాడగా వ్రాసికొని గ్రంథములుగ ప్రకటించిరి. హంపి విశ్వవిద్యాలయము ‘నాడోజ’ బిరుదముతో సత్కరించినది. 2014 ఆగస్టులో ఆమె గతించినది. కన్నడిగులు తమ విధిని తాము నెఱవేర్చిరి. వారికి మనము చేతులు జోడింపవలసినదే. అయితే, అట్టి కులమువారి పెండ్లిండ్లలో, చావులలో, పొయ్యికడ, ఉయ్యెలకడ తెలుగున పాడుకొను పాటలుండునుగదా! వానిని గూర్చి యడుగుట కన్నడ సంస్థకు పని గాదు. తెలుగు సంస్థకు ఆ యూరు దారిలో లేదు.

అరవదేశమున కంబళనాయకుల స్థితియు నిట్టిదే. తిరునెల్వేలి, తూత్తుకుడి, మధుర ప్రాంతములందు శతాబ్దములుగ నున్న వీరు ఇంట తెలుగు మాటాడుదురు. చదువుట, వ్రాయుట తమిళము. జక్కమ్మను గొలుచుదురు. దేవదుందుభి మ్రోతకు వా రాడు దేవరాట్టము తమిళనాటి జానపదనృత్యముగ ప్రసిద్ధి కెక్కినది. ఆట కా పేరు దక్కినది, మంచిదే. ఆ యింటి ముదుసలి పాడు తెలుగుపాటను తమిళలిపిలో వ్రాసికొనువాడు తన కర్థము గాని మాటను తనకు తెలిసిన మాటగా దిద్దును. అందుచేతనే వ్రాతకంటె ముందు ధ్వని ముఖ్యమని నా పట్టుదల. వ్రాసినవాని పొరపాటును దిద్దుటకు గొంతుక యొక్కటియే సాక్షి. న్యాయస్థానములలో సాక్షి చెప్పిన మాట వేఱు, గుమాస్తా వ్రాసిన మాట వేఱు అగుట నిత్యము చూచువాడను గనుక నింత గట్టిగ చెప్పుచున్నాను.

న్యాయస్థానము మాట వచ్చినది గనుక హక్కుల విషయమును చెప్పుదును. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము రికార్డునకు కర్త దానిని తయారుచేసినవాడు; ప్రకటనము తరువాత 60 ఏండ్లు హక్కు నిలుచును. పాట తాతలనాటిదైనచో దానికి కర్త లేడు. మఱి పాడినవారి సంగతి? 1994 సవరణము వచ్చువఱకు మన చట్టమున వారికి చోటే లేదు. ఆ సవరణముతో ప్రదర్శకుల హక్కు ఏర్పడినది. నే డది 50 ఏండ్లవఱకు నుండును. అనుమతి లేనిదే వారి గానమును పట్టరాదు. నిష్కపటమైన బోధనమునకు, పరిశోధనమునకు మినహాయింపు గలదు. పరిశోధకులు ఈ మినహాయింపు నీడను నిలిచి పాటను పట్టుదురు. అదే పాట సినిమాకు, వ్యాపారమునకు చేరిననాడు ఆ నీడ యుండదు. కావున పాడినవారి యనుమతిని వారికి తెలిసిన భాషలో, వారి గొంతుకతోనే, పాటకు ముందుగ పట్టియుంచుట మేలు. వ్రేలిముద్ర వేయించుకొన్న కాగితముకంటె నది నమ్మదగినది. పట్టిన పాట ప్రతిని ఆ యింటికి మరల నిచ్చుట మఱువరాదు. ఇచ్చుట మర్యాద మాత్రమే కాదు; దూరపు సంస్థలో ప్రతి పోయిననాడు ఊరిలోని ప్రతియే మిగులును.

ఇంతకును వలయు ధనము స్వల్పము. నేటి చేతిఫోను 1913 నాటి యంత్రముకంటె నెన్నియో మడుగులు మేలు. ధ్వనిని కుదింపక, భాండారములవారు కోరు 48 కిలోహెర్ట్జుల, 24 బిట్ల ప్రమాణమునకు తగ్గకుండ పట్టిన చాలును. తరువాతి పనియే కష్టము. పాడినవారి పేరు వారు చెప్పుకొనునట్లే వ్రాయవలయును. ఊరు, కులము, పాట పాడు సందర్భము, దానిని నేర్పినవారు, తమ భాషకు వారు పెట్టుకొన్న పేరు, అన్నియు నా దినముననే వ్రాయవలయును. మఱునాటికి సగము మఱపు వచ్చును. మూడుచోట్ల ప్రతు లుండవలయును. సొంత భాండారము లేనివారు అధైర్యపడ నక్కఱలేదు. 1982లో స్థాపితమై నేడు ఢిల్లీ ప్రాంతమున నడచుచున్న, అమెరికా వారి భారతీయ విద్యాసంస్థకు చెందిన సంగీతభాండారము సేకర్తల నిధులను స్వీకరించి కాపాడుటకే యేర్పడినది.

బెంగుళూరునుండి బరంపురమువఱకు, బొంబాయినుండి మధురవఱకు తెలుగు సంఘములు గలవు. ఉగాదికి సభ చేయుదురు; దూరమునుండి గాయకులను రప్పించి దండలు వేయుదురు. తప్పు లేదు. ఆ సభలో ముందువరుసలో కూర్చుండబెట్టిన ముసలమ్మలలో ఎందఱికి పాట వచ్చునో యే కార్యదర్శియైన నడిగెనా? వచ్చు సంక్రాంతికి గొబ్బిపాటలు మరల వాకిళ్ళకు వచ్చును. సంఘమున కిద్దఱు యువకులు, ఒక నోటుపుస్తకము, రెండు చేతిఫోనులు చాలును. ధనుర్మాసము మొదలు కాకమునుపే యే వీథిలో నెవ్వ రుందురో పట్టిక వేసికొనుట మంచిది.