రొమ్ము ఎముక దగ్గర కీలు తప్పితే

చేతిని మొండెంతో ఎముకపరంగా కలిపే కీలు ఒక్కటే ఉంది. అది భుజం దగ్గర కాక, గొంతు గుంట పక్కన, కాలర్‌బోన్ లేదా జత్రుక లోపలి కొన ఉరోస్థి అనే రొమ్ము ఎముకను ఆనుకునే చోట ఉంటుంది. ఆ ఆనుకోవడం కొనలో సగం మేరకైనా లేకపోయినా, ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లనే నారపట్టీలు బలమైనవి కావడంతో ఈ కీలు తప్పడం అరుదు. భుజం ప్రాంతపు గాయాలలో దీని వాటా సుమారు 3 శాతమే.

కొన ముందుకు జరిగితే చర్మం కింద బొడిపె కనిపిస్తుందే గాని ప్రాణభయం ఉండదు, చాలామందికి శస్త్రచికిత్స కూడా అక్కరలేదు. వెనక్కి జరిగితే మాత్రం అది శ్వాసనాళాన్ని, ఆహారవాహికను, మెదడుకూ చేతికీ సంబంధించిన పెద్ద రక్తనాళాలను నొక్కవచ్చు గనుక ఆయాసం, మింగలేకపోవడం, చేతి వాపు వంటి లక్షణాలు తలెత్తుతాయి. మామూలు ఎక్స్‌రేలో ఎముకల నీడలు కలిసిపోవడం వల్ల ఇది తరచు దొరకదు. సీటీ స్కాన్‌లోనే తేలుతుంది.

తొలి 48 గంటలలోపైతే మత్తు ఇచ్చి, రెక్క ఎముకల మధ్య దిండు పెట్టి, చేతిని పక్కకూ వెనక్కూ లాగి కీలును సరిచేసే ప్రయత్నం చేస్తారు. అప్పటికీ కదలకపోతే మొనదేలిన పట్టకారుతో చర్మం మీదుగానే ఎముకను పట్టి పైకెత్తుతారు. నొక్కుకుపోయిన రక్తనాళం ఎముక లేవగానే కారవచ్చు కాబట్టి ఛాతీ సర్జన్ అందుబాటులో ఉండాలన్నది ఇక్కడ లాంఛనం కాదు.

అలా కుదరనప్పుడు కోత తప్పదు. పూర్వం ఉక్కు తీగలు గుచ్చి కీలును నిలిపేవారు. కానీ క్షణం తీరిక లేకుండా కదిలే ఈ కీలులో అవి విరిగి, జరిగి, గుండెలోకీ పెద్ద ధమనుల్లోకీ చేరి మరణాలకు కారణమైన సంగతి వైద్య సాహిత్యంలో నమోదై ఉండడంతో, ఆ పద్ధతిని ఇప్పుడు వద్దంటున్నారు. దాని బదులు తొడ వెనుక కండరపు టెండాన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు అతికించే తాడును, తీసి, రెండు ఎముకలకూ రంధ్రాలు చేసి 8 అంకె ఆకారంలో అల్లుతారు. పోల్చి చూసిన మూడు పునర్నిర్మాణ పద్ధతుల్లో ఈ అల్లికే గట్టిదని స్పెన్సర్, కూన్ 2004లో ప్రచురించిన ప్రయోగశాల పరీక్ష చూపింది. డ్రిల్లు మొన వెనుకకు దూసుకుపోకుండా ఎముక వెనుక పలుచని లోహపు రేకును ముందే జొనపడం ఈ శస్త్రచికిత్సలో అసలు జాగ్రత్త.

జత్రుక లోపలి కొనలోని ఎదుగుదల పొర 23–25 ఏళ్లకు గాని ఎముకలో కలిసిపోదు. అందువల్ల యువతలో కీలు తప్పినట్టు కనిపించేది తరచు ఆ పొర దగ్గర ఎముక విరగడమే అవుతుంది, అలాంటప్పుడు టెండాన్ జోలికి పోకుండా గట్టి దారంతో కుట్టినా సరిపోవచ్చు. శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలు చేతిని స్లింగ్‌లో ఉంచాలి; బరువులెత్తడం, కబడ్డీ వంటి ఆటలు ఆడడం నెలల తరువాతి మాట.