పాఠమునకు ముందటి పాఠము

విశ్వవిద్యాలయమున జీవశాస్త్రము బోధించుట యనగా నల్లబల్లపై బొమ్మ గీచి వివరించుటయే యని మేము తలచెడివారము. మా యక్కగారి కుమార్తె తన మొదటి ప్రయోగశాల తరగతికి సిద్ధపడుట చూచిన పిమ్మట ఆ భ్రమ తొలగినది.

విషయము కణవిభజనము, అనగా ఒక కణము రెండగుట. దీనిని వాల్టర్ ఫ్లెమింగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1882లో సవిస్తరముగా వర్ణించెను. విద్యార్థులకు చూపుటకు ఉల్లిగడ్డ చాలును. దాని వేళ్ల కొనలందు కణములు ఎడతెగక విభజన నొందుచుండును. ఒక్కొక్క కణమున 16 క్రోమోసోములే యుండి, పెద్దవిగా కానవచ్చును.

తరగతికి వారము ముందుగా ఆమె మా వంటయింటి బుట్టనుండి నాలుగు గడ్డలు ఏరుకొన్నది. ఎండిన వేళ్లను గోకివైచి, అడుగు మాత్రమే నీటిని తాకునట్లు గ్లాసులపై నిలిపినది. మూడవనాటికి తెల్లని వేళ్లు దిగినవి. వానిని కోసి, ఒక పాలు అసిటిక్ ఆమ్లము, మూడు పాళ్లు ఆల్కహాలు కలిపిన ద్రవమున ఒక దినముంచి, ప్రయోగశాలకు గొనిపోయినది. అచ్చట పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లమున మెత్తబరచి, అసిటోకార్మిన్ అను ఎఱ్ఱరంగు పట్టించి, గాజుపలకల నడుమ నొక్కి, సూక్ష్మదర్శినిలో చూడవలెను.

సాయంకాలము చిన్నబోయిన మొగముతో తిరిగివచ్చినది. “పిన్నీ, విభజన నొందు కణమొక్కటియు కనబడలేదు. నాకే కానరానిది పిల్లల కెట్లు చూపుదును?” అన్నది. మఱి కొంతసేపటికి, తాను చదువుకొను దినములలో పలకపై నేమియు కనబడకున్నను పుస్తకములోని బొమ్మను దించి మార్కులు పొందితినని సిగ్గుతో నొప్పుకొన్నది.

మఱునాడు లోపము తెలిసినది. తునకను పొడుగుగా కోయుటచే కొనయందలి కణములు ఎదిగిన కణముల గుంపులో మఱుగుపడినవి. మిగిలిన వేళ్లనుండి కొనలో రెండు మిల్లీమీటర్లు మాత్రమే గ్రహింపగా, క్రోమోసోములు స్పష్టముగా కనబడినవి. అప్పటికిని పెక్కు కణములు విభజన మారంభింపని దశయందే యున్నవి.

అందుచేత ఆమె తన తరగతి కొక నియమ మేర్పఱచినది. కనబడినదే గీయవలెను, కనబడనిచో కనబడలేదని వ్రాయవలెను, అట్లు వ్రాసినందుకు మార్కులు తగ్గవు. మన జానకీ అమ్మాళ్ 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోసోముల సంఖ్యలను గ్రంథస్థము చేసెను. ఎవరో ఒకరు కన్నులార చూచి లెక్కించిన సంఖ్యలపైననే అట్టి గ్రంథములు నిలుచును. కాననిదానిని కన్నట్లు వ్రాయుట కలవాటుపడినచో ఆ శాస్త్రమునకు విలువ యెక్కడిది?

మన బిడ్డలు ప్రయోగపుస్తకము తెచ్చి చూపినపుడు బొమ్మ చక్కగా నున్నదని మెచ్చుకొని యూరకుందుము. ఇకమీదట మేము “ఇది నీవు చూచితివా?” అనియు అడుగ నిశ్చయించితిమి.