తుపాకీ ఉంటే చాలదు, పేలాలి కూడా

దళిత పాంథర్స్ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లకు డీకన్స్ ఫర్ డిఫెన్స్ గురించి కూడా కొంత తెలిసే ఉంటుంది. 1964లో లూసియానాలోని జోన్స్‌బరోలో నల్లజాతి కార్మికులు, మాజీ సైనికులు కలిసి క్లాన్ దాడుల నుంచి తమ వాడలను, పౌరహక్కుల కార్యకర్తలను కాపాడుకోవడానికి తుపాకులతో కాపలా కాశారు. ఆ వారసత్వం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. అవసరం వచ్చిన క్షణంలో ఆ తుపాకీ పేలుతుందా లేదా అన్న మొరటు ప్రశ్న మాత్రం అరుదుగా అడుగుతాం.

ఇవాళ్టి అమెరికాలో పిస్టళ్లకు విడిభాగాల మార్కెట్ పెద్దది. ట్రిగ్గర్లు, స్ప్రింగులు, బ్యారెళ్లు, మ్యాగజీన్ పొడిగింపులు ఎన్నో దొరుకుతాయి. ఇవన్నీ తుపాకీ చేసిన కంపెనీవి కావు, బయటివాళ్లవి. బండి కొన్న వారానికే సైలెన్సర్ మార్చే కుర్రాళ్లు మన దగ్గరా ఉన్నారు. కానీ బండి ఆగిపోతే మెకానిక్ దాకా నెట్టుకుంటూ పోవచ్చు.

గ్లాక్ పిస్టల్‌నే తీసుకుందాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిగ్గర్ నొక్కడానికి సుమారు 2.5 కిలోల బలం కావాలి. అది బరువనిపించి చాలామంది లోపల మెత్తటి స్ప్రింగు వేయిస్తారు. ఆ స్ప్రింగే స్ట్రైకర్‌ను ముందుకు తోసి, తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను కొట్టిస్తుంది. స్ప్రింగు మెత్తబడితే దెబ్బ కూడా మెత్తబడుతుంది. ప్రైమర్ కాస్త గట్టిదైతే టక్కుమన్న చప్పుడొస్తుంది, తూటా పేలదు. పోటీల్లో కాల్చేవాళ్లకు ఇది పెద్ద నష్టం కాదు. సుతిమెత్తని ప్రైమర్లున్న తూటాలు ఏరి వాడతారు, తప్పితే రెండు సెకన్లు పోతాయి. చీకట్లో తలుపు విరగ్గొడుతున్నవాడి ముందు నిలబడ్డ మనిషికి ఆ రెండు సెకన్లు ఉండవు.

రికాయిల్ స్ప్రింగుది ఇంకో కథ. తూటా పేలగానే స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును బయటికి విసిరి, తిరిగొస్తూ కొత్త తూటాను ఎక్కించాలి. స్ప్రింగు మరీ గట్టిదైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. మరీ మెత్తనిదైతే ముందుకొచ్చి సరిగ్గా మూసుకోదు. పట్టుకున్న చెయ్యి కూడా ఈ లెక్కలో భాగమే. భయంతో వణికే చెయ్యి, గాయపడ్డ చెయ్యి తుపాకీని గట్టిగా ఆపలేవు, అప్పుడు ఇరుక్కుపోయే అవకాశం పెరుగుతుంది. కాల్పుల మైదానంలో బాగా పనిచేసిన స్ప్రింగు ఇంట్లో మొరాయించేది ఇందుకే. మ్యాగజీన్ పొడిగింపులూ అంతే: ఎక్కువ తూటాలను పాత స్ప్రింగే పైకి నెట్టాలి, అది ఆలస్యమైతే స్లైడ్ ఖాళీగా దాటిపోతుంది.

గ్రాముల తేడా ఎంత పని చేస్తుందో ఫ్యాక్టరీలకే అనుభవమైంది. సిగ్ సాయర్ పీ320 కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందని 2017లో బయటపడ్డాక, కంపెనీ చేసిన మార్పుల్లో ట్రిగ్గర్, స్ట్రైకర్ బరువు తగ్గించడం కూడా ఉంది. అన్ని పరీక్షలు చేసే చోటే ఇలా అయితే, మూడు వేర్వేరు కంపెనీల భాగాలు కలిపి మనం ఇంట్లో బిగించిన కూర్పును ఎవరు పరీక్షించినట్టు?

శిక్షకులు చెప్పే మోటు లెక్క ఒకటుంది: ఏ భాగం మార్చినా, రోజూ వెంట ఉంచుకునే తూటాలతోనే కనీసం 200 సార్లు కాల్చి చూడాలి. ఆ తూటా ఒక్కొక్కటి డాలరుకు అటూఇటూ ఉంటుంది. భాగం కొనడానికి డబ్బు దొరికి, పరీక్షకు దొరకని ఇళ్లు చాలా ఉంటాయి. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. అలాంటివాళ్లు ఫ్యాక్టరీ తుపాకీని ముట్టుకోకుండా ఉంచి, మిగిలిన డబ్బు సాధనకు ఖర్చు పెట్టుకోవడం మేలు.

మన చట్టంలో పరిస్థితి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగం కూడా ఆయుధమే. ఇక ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక నిబంధనలు 1995లోని 3వ నిబంధన, దాడుల ముప్పున్న ప్రాంతాల్లో దళిత, ఆదివాసీలకు అవసరమైతే ఆయుధ లైసెన్సులు ఇవ్వవచ్చంటుంది. లైసెన్సు గురించి రాసిన ఆ వాక్యంలో శిక్షణ మాట గానీ, మరమ్మతు మాట గానీ లేదు.