ముసురులో ఈనే గొర్రెలు: పిల్లలను దక్కించుకోవడం ఎలా?



మీ యూనిట్‌లో 14 తల్లి గొర్రెలు, 1 పొట్టేలు, మొత్తం 15 జీవాలు ఉన్నాయి. ఈ యూనిట్ మీద వచ్చే ఆదాయం అంతా పిల్లల మీదే ఆధారపడి ఉంటుంది. నెల్లూరు జాతి గొర్రె ఎక్కువగా ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. 14 తల్లుల్లో 12 ఈని, అందులో 4 పిల్లలు చనిపోతే ఏడాది ఆదాయంలో మూడో వంతు పోయినట్టే. అందుకే ఈ నాలుగు పేజీలు ఓపికగా చదవండి. చదవడం రానివాళ్లకు ఇంట్లో పిల్లల చేత చదివించండి.

ఈ సమస్య మనకే ఎందుకు?

నెల్లూరు, ప్రకాశం, తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాన్లు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. 2021 నవంబరులో నెల్లూరు, కడప జిల్లాల్లో వచ్చిన వరదలు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మీకు గుర్తుండే ఉంటాయి.

జూన్, జూలైలో తొలకరి పచ్చిక తిని గొర్రెలు ఎదకు వస్తాయి. అప్పుడు కట్టినవి సరిగ్గా నవంబరు, డిసెంబరులో ఈనుతాయి. అంటే ముసురు, చలిగాలి, ఈత మూడూ ఒకేసారి వస్తాయి. పైగా నెల్లూరు జీవానికి ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. వాన పడితే చర్మం దాకా తడుస్తుంది.

"మా తాతల కాలం నుంచి మంద వానలోనే ఉంది కదా" అని కొందరు అంటారు. నిజమే. కానీ వాళ్లవి వంద, రెండు వందల జీవాల మందలు. పది పిల్లలు పోయినా మంద నిలబడేది. మీ దగ్గర ఉన్నవి 15. ఒక్కొక్కటీ లెక్కే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి

పుట్టిన పిల్లను ఉత్త చలి అంతగా చంపదు. తడి, ఆకలి కలిస్తే చంపుతుంది. ఒళ్లు ఆరి, కడుపు నిండిన పిల్ల చలిని తట్టుకుంటుంది. కాబట్టి మనం చూసుకోవాల్సినవి రెండు: పొడి నేల, నిండిన కడుపు. కింద చెప్పినవన్నీ ఈ రెండింటి కోసమే.

1. తేదీ రాసుకోండి

గొర్రె చూలు కాలం సుమారు 147 నుంచి 150 రోజులు. పొట్టేలు దాటిన రోజు, ఆ గొర్రె చెవి ట్యాగు నంబరు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఉదాహరణకు జూన్ 15న దాటితే నవంబరు 9 నుంచి 12 లోపల ఈనుతుంది. దాని ప్రకారం:

అక్టోబరు 1 నుంచి దాణా పెంచాలి (ఈతకు ఆరు వారాల ముందు).
అక్టోబరు 15, 22 మధ్య చిటుక రోగం టీకా వేయించాలి (ఈతకు 3, 4 వారాల ముందు).
నవంబరు మొదటి వారం నుంచి ఆ గొర్రెను దూరం మేతకు తోలకూడదు.

తేదీ తెలియకపోతే పొదుగు చూడండి. పొదుగు దిగడం మొదలైతే ఈత దగ్గర పడినట్టే.

2. తల్లి కడుపు నిండాలి

కడుపులో పిల్ల ఎదుగుదలలో సుమారు మూడింట రెండు వంతులు ఆఖరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. ఆ సమయంలో ముసురు పట్టి గొర్రెలు మేతకు వెళ్లలేక దొడ్లోనే ఉంటే, పిల్ల బక్కగా పుడుతుంది, తల్లికి పాలు రావు. పాలు లేని తల్లి పిల్లను దగ్గరికి రానివ్వదు కూడా.

ఆఖరి ఆరు వారాలు ఒక్కో గొర్రెకు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా ఇవ్వండి. ఒక్కసారిగా కాకుండా 50 గ్రాములతో మొదలుపెట్టి వారం రోజుల్లో పెంచండి. ఇంట్లో కలుపుకునే వాళ్లకు 100 కిలోల లెక్క:

జొన్న లేదా మొక్కజొన్న నూక 40 కిలోలు
తవుడు 32 కిలోలు
వేరుశనగ చెక్క 25 కిలోలు
ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు
ఉప్పు 1 కిలో

చెక్క బూజు పట్టి ఉంటే వాడొద్దు. బూజులోని విషం జీవాల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

వానలు మొదలవక ముందే ఎండిన వేరుశనగ కట్టె, కంది పొట్టు, మినుము పొట్టు కొంత అటక మీద దాచండి. ముసురు రోజుల్లో సుబాబుల్, అవిశ కొమ్మలు నరికి, నీళ్లు కారాక దొడ్లో వేలాడదీయండి. నేల మీద వేస్తే తొక్కి పాడుచేస్తాయి.

3. దొడ్డి నేల పొడిగా ఉండాలి

పెద్ద గొర్రెకు 10 చదరపు అడుగులు, ఈనిన తల్లికి పిల్లతో కలిపి 15 నుంచి 20 చదరపు అడుగుల చోటు కావాలి. పిల్లలతో సహా మీ యూనిట్‌కు 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పాక సరిపోతుంది.

నేలను చుట్టుపక్కల కంటే ఒకటిన్నర అడుగు ఎత్తు చేసి, గ్రావెల్ పోసి, ఒక వైపుకు వాలు పెట్టండి. చుట్టూ చిన్న కాలువ తీయండి.
ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. ఉత్తరం, తూర్పు వైపులు గోనె పట్టాలతోగానీ టార్పాలిన్‌తోగానీ కట్టండి. పైన ఒక అడుగు ఖాళీ వదలండి. పూర్తిగా మూస్తే మూత్రం ఘాటు లోపలే నిలిచి పిల్లలకు దగ్గు, నిమ్ము వస్తాయి.
వారానికి రెండుసార్లు పెంట ఎత్తి, పొడి సున్నం చల్లి, పైన ఎండు వరిగడ్డి లేదా వేరుశనగ పొట్టు పరవండి.

పాక నేల పొడిగా ఉందో లేదో తెలియాలంటే మోకాళ్ల మీద అర నిమిషం కూర్చోండి. మీ బట్ట తడిస్తే పిల్ల ఒళ్లు కూడా తడుస్తుంది.

4. ఈత రోజు

ఈనే ముందు గొర్రె మంద నుంచి పక్కకు వెళ్తుంది, కాలితో నేల గీకుతుంది, లేస్తూ పడుకుంటూ ఉంటుంది. దాన్ని పాకలో ఒక మూలకు చేర్చి, తడికె అడ్డం పెట్టండి.

ముందు నీటి సంచి కనబడుతుంది. ఆ తర్వాత ముందు కాళ్లు రెండు, వాటి మీద ముక్కు కనబడితే మామూలు ఈతే. మీరు చేయి పెట్టాల్సిన పనిలేదు. నీటి సంచి పగిలి గంట గడిచినా పిల్ల రాకపోయినా, ఒకే కాలు వచ్చినా, కాళ్లు లేకుండా తల మాత్రమే వచ్చినా, తోక ముందు కనబడినా గట్టిగా లాగొద్దు. వెంటనే 1962కు ఫోన్ చేయండి.

పిల్ల పడగానే ఈ వరుసలో చేయండి:

ముక్కు, నోటి దగ్గర జిగురు తుడవండి. తర్వాత తల్లి ముందు పెట్టండి. తల్లి నాకితే పిల్ల ఆరుతుంది, రక్తం కదులుతుంది, తల్లికి వాసన పడుతుంది. ముసురు రోజయితే పొడి గోనెతో మీరు కూడా తుడవండి.
బొడ్డు రెండు అంగుళాలు వదిలి, శుభ్రమైన దారంతో కట్టి, కొత్త బ్లేడుతో కోసి, టించర్ అయోడిన్‌లో ముంచండి. తడి దొడ్లలో బొడ్డు ద్వారానే చీము రోగం పిల్లకు ఎక్కుతుంది, తర్వాత కీళ్లు వాస్తాయి.
తల్లి చన్నులు పిండి మొదటి రెండు చారలు నేల మీద వదలండి. చన్ను మూసుకుని ఉంటే తెరుచుకుంటుంది.
గంట లోపల జున్నుపాలు తాగించండి.

మాయ కొన్ని గంటల్లో దానంతట అదే పడిపోతుంది. లాగొద్దు. 12 గంటలైనా పడకపోతే డాక్టరుకు చెప్పండి.

5. జున్నుపాలు పారబోయొద్దు

కొంతమంది జున్నుపాలు పిల్లకు అరగవని పిండి పారబోస్తారు. ఇది చాలా పెద్ద నష్టం. పిల్లకు పుట్టుకతో రోగనిరోధక శక్తి ఉండదు. అది జున్నుపాల ద్వారానే వస్తుంది. ఆ శక్తిని పిల్ల పేగు పీల్చుకునేది మొదటి 24 గంటలే, గంట గంటకూ అది తగ్గిపోతుంది. ఈతకు ముందు తల్లికి వేయించిన చిటుక రోగం టీకా కూడా జున్నుపాల ద్వారానే పిల్లను కాపాడుతుంది.

3 కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద కనీసం 300 మిల్లీలీటర్లు, నాలుగైదు సార్లుగా అందాలి. తల్లికి పాలు లేకపోతే అదే రోజు ఈనిన ఇంకో గొర్రె లేదా మేక జున్నుపాలు పట్టండి.

6. చల్లబడిన పిల్ల

పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. లోపల వెచ్చగా ఉంటే బాగున్నట్టు. చల్లగా ఉండి, తల నిలపలేకపోతే ప్రమాదం. ఇక్కడ చాలామంది చేసే పని, కంగారుగా గొంతులో పాలు పోయడం. మింగలేని పిల్లకు పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ముందు ఆరబెట్టండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి రెండు పక్కలా పెట్టి, గోనెలో కప్పండి. తల ఎత్తి, వేలు చప్పరించడం మొదలుపెట్టాకే పాలు పట్టండి. పాకలో కుంపటి పెడితే పొగ, నిప్పు రెండూ ప్రమాదమే.

7. ఈ కాలంలో వచ్చే రోగాలు

చిటుక రోగం: వాన తర్వాత లేత గడ్డి ఆబగా మేసిన జీవం ఉన్నట్టుండి చస్తుంది. టీకా వేయించండి. మేతకు తోలే ముందు కొంచెం ఎండుమేత వేయండి.

నీలి నాలుక: చిన్న కుట్టే దోమల ద్వారా వస్తుంది. జ్వరం, పెదాలు, మూతి వాపు, చొంగ, కుంటడం దీని గుర్తులు. సాయంత్రం పాక దగ్గర వేపాకు పొగ వేయండి. జబ్బు జీవానికి గంజి, అంబలి, మెత్తటి ఆకు పెట్టండి. టీకా ఎప్పుడు వేయాలో డాక్టరును అడగండి.

నట్టలు: కంటి రెప్ప లోపల ఎర్రగా కాకుండా తెల్లగా పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా కడుపులో నట్టలు ఉన్నట్టు. మంచు ఆరాకే మేతకు వదలండి. చెరువు అంచుల్లో, నత్తలు ఉండే చోట మేపొద్దు. మందు మీ అంతట మీరు కొని తాగించొద్దు. ఆల్బెండజోల్ లాంటి మందు చూలు కట్టిన మొదటి నెలలో ఇస్తే పిల్లకు హాని.

గిట్టల పుండ్లు: బురదలో నిలబడితే గిట్టల సందులో చెడు వాసనతో పుండు పడుతుంది. 10 లీటర్ల నీళ్లలో అర కిలో మైలుతుత్తం కలిపి, జీవాలను అందులో నడిపించండి. తాగనివ్వొద్దు. మైలుతుత్తంలో రాగి ఉంటుంది, అది గొర్రెకు విషం. నడిపించాక పొడి నేల మీద నిలబెట్టండి.

8. తుపాను హెచ్చరిక వస్తే

వాగు ఒడ్డు, చెరువు కట్ట కింద ఉన్న మందను ముందు రోజే మెరక మీదకు తోలండి. రాత్రి నీళ్లు వచ్చాక గొర్రెలు కదలవు.
జీవాలను తాళ్లతో కట్టేయొద్దు. తడికె తలుపు మీకు వెంటనే తీయడానికి వీలుగా ఉంచండి.
మూడు రోజుల ఎండుమేత, దాణా టార్పాలిన్ కింద పెట్టుకోండి.
పిడుగులు పడేటప్పుడు ఒంటరి చెట్టు కింద మందను ఆపొద్దు. మీరు కూడా నిలబడొద్దు.

9. బీమా ఉన్న జీవం చనిపోతే

చెవి ట్యాగు లేకపోతే బీమా రాదు. ట్యాగు ఊడిపోతే చనిపోయేదాకా ఆగకుండా ఆ వారమే కొత్తది వేయించి, నంబరు మార్పించుకోండి. జీవం చనిపోతే పాతిపెట్టకముందే, అదే రోజు మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు చెప్పండి. ట్యాగు నంబరు కనబడేలా ఫొటో తీయండి. పశువైద్యులు పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా చెవి కోయొద్దు, ట్యాగు పీకొద్దు. వరదలో మంద మొత్తం పోయినా, కొట్టుకొచ్చిన కళేబరాలను చూపించి పేర్లు రాయించుకోండి.

ఈ రోజు చేయాల్సినవి

ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో రాశారా?
చిటుక రోగం టీకా తేదీ అడిగారా?
పాక నేల పొడిగా ఉందా, ఉత్తరం, తూర్పు వైపులు కట్టారా?
టించర్ అయోడిన్ సీసా, కొత్త బ్లేడు, దారం, పొడి గోనెలు ఒక సంచిలో పెట్టారా?
అన్ని చెవులకూ ట్యాగులు ఉన్నాయా?
1962 నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉందా?

ఇవన్నీ కలిపినా ఒక పిల్ల ఖరీదు కంటే తక్కువ ఖర్చు. దీన్ని మీ ఊళ్లో యూనిట్ తీసుకున్న వాళ్లందరికీ వాట్సాప్‌లో పంపండి. ఎవరి గొర్రె ముందు ఈనితే వాళ్ల దొడ్డికి పక్కవాళ్లు కూడా సాయానికి వెళ్లండి. ముసురు రాత్రి ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు ఇది.