కొరియా నూడుల్సూ – మా కల్లంలో మంటా

యూనియన్ కార్యదర్శి "సావనీరుకి ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వు" అని అడిగినప్పుడు, నేను కృష్ణబిలాల గురించో అణుశక్తి గురించో రాస్తాననుకుని ఉంటాడు. నేను నూడుల్స్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఈ రోజుల్లో మన హాస్టల్లో ఏ అంతస్తుకి వెళ్ళినా, రాత్రి తొమ్మిది దాటాక ఏదో ఒక గదిలోంచి ఎర్రటి ఘాటు వస్తూనే ఉంటుంది. లోపల కరెంటు కెటిల్లో నీళ్ళు మరుగుతుంటాయి. (వార్డెన్‌గారు ఈ వాక్యం చదవకుండా ఉందురు గాక!) ఇంతమంది ఇష్టపడి తింటున్న పదార్థం గురించి నాలుగు సంగతులు తెలుసుకుంటే నష్టమేమీ లేదు. నాకైతే లాభమే కలిగింది. అదెలాగో చెబుతాను.

2024 డిసెంబరులో మా గదిలో ఒక పందెం జరిగింది. ఒక కొరియా నూడుల్స్ పొట్లాన్ని మంచినీళ్ళు ముట్టకుండా తినాలి. మాది పల్నాడు. మూడు ఎకరాల మిరప. నాన్న మిరప రైతు, తాత మిరప రైతు. "నాకు కారం ఒక లెక్కా?" అని తొడ చరిచి కూర్చున్నాను. నాలుగో ముద్దకి చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. ఆరో ముద్దకి పందెం వదిలేసి నీళ్ళ బాటిలు ఎత్తాను. ఎంత తాగితే అంత మండింది. నా పక్కన కూర్చున్న విశాఖ మిత్రుడు మాత్రం పెరుగు పొట్లం చింపి నాకిచ్చి, తీరిగ్గా నవ్వాడు.

ఆ తర్వాత సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. తొలి కోత కల్లానికి వచ్చింది. అమ్మా, ఇంకో అయిదుగురు ఆడవాళ్ళూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాలుకాయలు ఏరి, తొడిమలు తీసి వేరు చేస్తున్నారు. ఆ రాత్రి అమ్మ చన్నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నిద్ర పట్టడం లేదంది. "ఏరా, కెమిస్ట్రీ చదువుతున్నావుగా, ఈ మంటకేమన్నా మందు చెప్పరాదూ?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. నా చిన్నప్పట్నుంచీ ప్రతి ఏడూ ఆ చేతులు మండుతూనే ఉన్నాయి. ఆ సంగతి నేను ఎప్పుడూ ఒక ప్రశ్నగా అనుకోలేదు. హాస్టల్లో నా నాలుక మండినప్పుడు కూడా నీళ్ళు పని చెయ్యలేదు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీకి తిరిగి రాగానే లైబ్రరీలో కూర్చున్నాను.

పొట్లం పుట్టుపూర్వోత్తరాలు

పొట్లంలో దొరికే నూడుల్స్ పుట్టింది కొరియాలో కాదు, జపానులో. 1958లో మొమొఫుకు ఆండో అనే ఆయన, ఉడికించిన గోధుమ నూడుల్స్‌ని నూనెలో వేయించి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టాడు. దక్షిణ కొరియాకి ఇది 1963లో వచ్చింది. సమ్‌యాంగ్ కంపెనీ జపాను నుంచి యంత్రాలూ పద్ధతీ తెచ్చి, పొట్లం 10 వాన్లకి అమ్మింది. యుద్ధం ముగిసి పదేళ్ళయినా అక్కడ బియ్యానికి కటకటగానే ఉండేది. ప్రభుత్వమే గోధుమపిండి వంటకాలు తినండని ప్రచారం చేసింది. అంటే ఇవాళ మనం సరదాకి తింటున్నది ఒకనాడు ఆకలి తీర్చడానికి వచ్చిన తిండి. వాళ్ళు దాన్ని 'రామ్యున్' అంటారు.

మొదటి పొట్లాలకి ఇంత కారం లేదు. నాంగ్‌షిమ్ కంపెనీ 1986లో 'షిన్ రామ్యున్' తెచ్చింది. షిన్ అంటేనే కారం అని అర్థం. ఎర్రటి పులుసుతో ఉండే రకం ఇది. 2012లో సమ్‌యాంగ్ వాళ్ళు 'బుల్డాక్' తెచ్చారు. బుల్ అంటే నిప్పు, డాక్ అంటే కోడి. ఇందులో పులుసుండదు, చిక్కటి ఎర్ర సాసుని నూడుల్స్‌కి పట్టిస్తారు. దీన్ని తిని కళ్ళనీళ్ళు పెట్టుకునే వీడియోలు యూట్యూబులో వచ్చాక ప్రపంచమంతా పాకింది.

విచిత్రం ఏమిటంటే, కొరియా వాళ్ళకీ మనకీ కూడా మిరపకాయ అరువు సరుకే. అది అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడల్లో ఆసియాకి చేరింది. కొరియాలో 1614 నాటి 'జిబోంగ్ యుసోల్' అనే గ్రంథంలో దాని ప్రస్తావన ఉంది. అంతకుముందు మన పూర్వులు కారానికి మిరియాలే వాడేవారు. తర్వాత వచ్చిన కాయకి మిరియం పేరు మీదే మిరప అని పేరు పెట్టుకున్నాం.

మంట రుచి కాదు

తీపి, పులుపు, ఉప్పు, చేదు – వీటిని నాలుక మీది రుచి మొగ్గలు గుర్తిస్తాయి. కారం ఆ జాబితాలోది కాదు. మిరపలో ఉండేది క్యాప్సైసిన్ అనే పదార్థం. దాని ఫార్ములా సి18 హెచ్27 ఎన్ ఓ3. అది గింజల్లో ఉంటుందని మనం అనుకుంటాం గానీ, నిజానికి తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో.

మన నాలుకలోనూ చర్మంలోనూ ఉండే నరాల చివర్లలో టి.ఆర్.పి.వి.–1 అనే ఒక ప్రోటీను ఉంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తలుపులా తెరుచుకుని, 'కాలుతోంది' అని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వచ్చి తగిలితే వేడి లేకుండానే ఆ తలుపు తెరుచుకుంటుంది. కాల్చకుండానే కాలినట్టు నమ్మిస్తుందన్నమాట. మెదడు దాన్ని నమ్మి చెమట పట్టిస్తుంది, ముక్కూ కళ్ళూ కారుస్తుంది. ఈ ప్రోటీను జన్యువుని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. పక్షుల్లో ఈ ప్రోటీను క్యాప్సైసిన్‌కి స్పందించదు. మా తోటలో రామచిలకలు పండుమిరపకాయల్ని జామపళ్ళలా కొరుక్కుతినడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. కారణం ఇప్పుడు తెలిసింది.

మరి మండేదాన్ని మనం ఎందుకు కోరి తింటాం? నొప్పి కబురు అందినప్పుడు శరీరం ఎండార్ఫిన్లనే ఉపశమన పదార్థాల్ని విడుదల చేయడం ఒక కారణమంటారు. 'ఇది నిజమైన ప్రమాదం కాదు' అని తెలిసి భయాన్ని అనుభవించడంలో ఉండే సరదా ఇంకో కారణమని పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చెప్పాడు. తిరనాళ్ళలో జెయింటు వీలు ఎక్కినట్టే.

ఎంత కారం?

కారాన్ని కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు పెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో కలుపుతూ, రుచి చూసేవాళ్ళకి కారం తెలియకుండా పోయేదాకా పలచన చెయ్యాలి. ఎన్ని రెట్లు పలచన చేస్తే అన్ని స్కోవిల్ యూనిట్లు. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు. ఆ లెక్కన మా తేజ మిరప దాదాపు 75 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. గుంటూరు సన్నం 35 నుంచి 40 వేలు. మామూలు బుల్డాక్ సుమారు 4,400 మాత్రమే!

అయితే నేనెందుకు ఓడిపోయాను? తేజ మిరపకాయని ఎవరూ గుప్పెళ్ళతో నమలరు. గోంగూర పచ్చడిని బోలెడంత అన్నంలో, పైగా నెయ్యి వేసుకుని కలుపుకుంటాం. నూడుల్స్ సాసు అలా కాదు. ప్రతి పోగుకీ నూనెతో సహా పట్టుకుంటుంది. పక్కన కారాన్ని చల్లార్చేదేదీ ఉండదు. పైగా వేడివేడిగా తింటాం. పొగలు కక్కే తిండి తెరిచేదీ, కారం తెరిచేదీ ఒకే తలుపు కాబట్టి రెండూ కలిసి దెబ్బ తీస్తాయి.

నీళ్ళు ఎందుకు పనికిరాలేదంటే, క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు. దాని అణువుకి పొడవాటి హైడ్రోకార్బన్ తోక ఉంది. నూనెలో, కొవ్వులో బాగా కరుగుతుంది. పాలల్లోనూ పెరుగులోనూ ఉండే కేసీన్ అనే ప్రోటీను దాన్ని పట్టుకుని నాలుక మీంచి తొలగిస్తుంది. భోజనం చివర పెరుగన్నం తినే మన అలవాటులో ఉన్న సుఖం ఇదే కాబోలు.

ఇంట్లో వండే పద్ధతి

పొట్లంలోని నూడుల్స్ పచ్చివి కావు. గోధుమపిండిలో ఉప్పూ, కొద్దిగా క్షార లవణాలూ వేసి కలిపి, పోగులు తీసి, ఆవిరి మీద ఉడికించి, తర్వాత పామాయిల్‌లో వేయిస్తారు. సన్న జంతికలు అనుకోండి. వేగేటప్పుడు లోపలి నీరు ఆవిరై పోయి సూక్ష్మమైన రంధ్రాలు మిగులుతాయి. మన మరుగునీళ్ళు ఆ రంధ్రాల్లోకే వెళ్తాయి. అందుకే అయిదు నిమిషాల్లో తయారవుతుంది.

పులుసు రకమైతే 550 మిల్లీలీటర్ల నీళ్ళు తెర్లాక నూడుల్స్, పొడి, ఎండు కూరముక్కలు వేసి నాలుగున్నర నిమిషాలు ఉడికించాలి. సాసు రకమైతే 600 మిల్లీలీటర్లలో అయిదు నిమిషాలు ఉడికించి, ఎనిమిది చెంచాల నీళ్ళు మాత్రం ఉంచి మిగతావి వంచెయ్యాలి. ఆ కాసిని నీళ్ళని వదలకండి. నూడుల్స్ నుంచి దిగిన పిండి పదార్థం వాటిలో ఉంటుంది, సాసుని పోగులకి అంటించేది అదే. అప్పుడు సాసు వేసి సన్నటి సెగ మీద అర నిమిషం కలపాలి. కొరియా వాళ్ళు మధ్యమధ్య పోగుల్ని పైకెత్తి గాలి తగలనిస్తారు. మెత్తబడకుండా సాగుడుగా ఉంటాయంటారు.

నా అనుభవంలోంచి నాలుగు మాటలు. ఒకటి, మొదటిసారి సగం సాసే వెయ్యండి, చాలకపోతే మళ్ళీ వేసుకోవచ్చు. రెండు, గుడ్డు, ఉల్లికాడలు, క్యాబేజీ, వేయించిన నువ్వులు కలిపితే తిండిగా నిలుస్తుంది. ఒట్టి నూడుల్స్‌లో పీచూ మాంసకృత్తులూ తక్కువ. మూడు, ఉప్పు. చాలా పొట్లాల్లో సోడియం 1,200 నుంచి 1,800 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజంతటికీ 2,000 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కాబట్టి పులుసంతా తాగెయ్యకండి, రోజూ తినకండి. నాలుగు, పసిపిల్లలకి పెట్టకండి, పందేలు కట్టకండి. 2024 జూన్‌లో డెన్మార్కు ప్రభుత్వం మితిమీరిన కారమని మూడు రకాల బుల్డాక్‌ని వెనక్కి పిలిపించింది. జూలైలో రెండింటిని మళ్ళీ అనుమతించింది. శాకాహారులు పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోవడం మరవకండి.

మళ్ళీ కల్లానికి

2025 ఫిబ్రవరిలో శివరాత్రికి రెండు పొట్లాలు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. పండగ మర్నాడు సగం సాసుతో, మూడు గుడ్లు కొట్టి, పెరుగు గిన్నె పక్కన పెట్టి అందరికీ వడ్డించాను. మా నాయనమ్మకి బి.పి. కాబట్టి సాసు లేకుండా నాలుగు పోగులు పెడితే, "సేమియా ఉప్మాకి జడ వేసినట్టుంది" అంది. అమ్మ బాగుందంది. నాన్న పొట్లం తిప్పి చూసి ఎంతని అడిగాడు. నూట ఇరవై అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ ఏడాది మిరప ధర పడిపోయింది. ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ప్రకటించిన ధర క్వింటాలుకి 11,781 రూపాయలు. అంటే కిలో 118. "మన కిలో కాయలకన్నా ఈ నూట నలభై గ్రాములు రెండు రూపాయలు ఎక్కువన్నమాట" అన్నాడు, కోపం లేకుండానే. దానికి జవాబు నా పుస్తకాల్లో దొరకలేదు.

అమ్మ ప్రశ్నకి మాత్రం దొరికింది. ఆ సాయంత్రం పని దిగగానే, నీళ్ళు ముట్టకముందే చేతులకి వంటనూనె బాగా రుద్దించాను. క్యాప్సైసిన్ నూనెలోకి దిగుతుంది. తర్వాత సబ్బుతో ఆ నూనెని కడిగెయ్యాలి. ఇలా రెండుసార్లు చేసింది. మంట పూర్తిగా పోలేదు గానీ నిద్ర పట్టేంతగా తగ్గింది. మర్నాడు గొప్పగా కల్లంలో ఈ సంగతి చెబితే, మాకు కూలికి వచ్చే పెద్దావిడ ఒకామె, "మేం పొద్దున్నే కొబ్బరినూనె రాసుకునే దిగుతాం కదయ్యా" అంది. ఇన్నేళ్ళూ పక్కపక్కన కూర్చున్నా అమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు. నేనేమో లైబ్రరీ దాకా వెళ్ళొచ్చాను!

ఇప్పుడు మా కల్లంలో నూనె సీసా, సబ్బు, రబ్బరు చేతితొడుగులు ఉంటున్నాయి. తొడుగులే అన్నిటికన్నా మేలు. ఆ చేతులతో కళ్ళు మాత్రం తుడుచుకోకూడదు. మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో మిరప కోతలుంటే ఈ మాట అక్కడ చెప్పండి. నూడుల్స్ పొట్లం చింపే ముందు పెరుగు తెచ్చుకోవడం కూడా మరిచిపోకండి.