గేమ్ కంట్రోలర్ బటన్ల మరమ్మతు

వీడియో గేమ్ ఆడుటకు చేతిలో పట్టుకొనే పరికరాన్ని గేమ్ కంట్రోలర్ అంటారు. వాడుకలో దీనిని జాయ్‌స్టిక్ అని కూడా పిలుస్తారు. నొక్కినా బటన్ పనిచేయకపోవుట దీనిలో తరచుగా వచ్చే లోపము. ఇటువంటి కంట్రోలర్లను పారవేయుట పరిపాటి గానీ, అనేక సందర్భాలలో లోపలి భాగాలను శుభ్రపరచిన సరిపోతుంది. విడిభాగాలకు హైదరాబాదుపై ఆధారపడవలసిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో ఈ సంగతి తెలిసి ఉండుట మరింత ఉపయోగకరము.

నిర్మాణము

1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్ కంట్రోలర్ నిర్మాణమే, భారతదేశంలో టీవీ గేములుగా అమ్ముడైన దాని అనుకరణలలోనూ కనిపిస్తుంది. బటన్ క్రింద గుమ్మటము ఆకారములో సిలికాన్ రబ్బరు, దాని అడుగున నల్లని కార్బన్ బిళ్ళ ఉంటాయి. బోర్డుపై రెండు గీతలు దువ్వెన పళ్ళవలె ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని, తాకకుండా ఉంటాయి. నొక్కినప్పుడు బిళ్ళ వాటిని కలుపుతుంది. టీవీ రిమోట్‌లోనూ ఇదే ఏర్పాటు. పనిచేయని రిమోట్‌ను అరచేతిపై కొట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. దానివలన సెల్ సర్దుకోవచ్చును గానీ కార్బన్‌పై మురికి పోదు.

లోపమును గుర్తించుట

ఒక్క బటన్ మాత్రమే ఆగిపోతే లోపము దాని రబ్బరులో గానీ గీతలలో గానీ ఉంటుంది. అన్నీ ఒకేసారి ఆగిపోతే ముందుగా తీగను పరీక్షించవలెను. ఫామికామ్ రకములో ఎనిమిది బటన్ల సమాచారము ఒకే తీగ గుండా వరుసగా పోతుంది. ఆ తీగ కంట్రోలర్‌లోకి ప్రవేశించే మలుపు వద్ద తెగితే ఏ బటన్ కూడా పనిచేయదు.

కంట్రోలర్‌ను విప్పి, యంత్రానికి కలిపి ఉంచి, ఆగిన బటన్ గీతలను చిన్న తీగముక్కతో కలపాలి. తెరపై బొమ్మ కదిలితే బోర్డు బాగున్నట్లే, లోపము రబ్బరుది. వేరే గీతలను తాకకుండా జాగ్రత్త వహించాలి.

శుభ్రపరచుట

సెల్‌ఫోన్ మెకానిక్‌లు ఐపీఏ అని పిలిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో బోర్డును తుడవాలి. కార్బన్ బిళ్ళను మాత్రం తేలికగా అద్దాలి. బ్లేడుతో గీకుట, గరుకు కాగితముతో రుద్దుట పెద్ద పొరపాటు. పలుచని కార్బన్ పొర లేచిపోయి, బాగుపడవలసిన బటన్ పూర్తిగా చెడిపోతుంది. పెట్రోలు సిలికాన్ రబ్బరును ఉబ్బిస్తుంది. బిళ్ళ అరిగిపోతే మెత్తని పెన్సిల్ రుద్దుట కొద్ది రోజుల ఉపాయము మాత్రమే. రబ్బరును మార్చుటయే సరైన మార్గము.

కొత్త కంట్రోలర్లు

2013లో వచ్చిన సోనీ డ్యూయల్‌షాక్ 4లో బటన్ల గీతలు బోర్డుపై గాక పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్‌పై ఉంటాయి. ఫిల్మ్ చెడితే మార్చవలసినదే. తీగలేని కంట్రోలర్లలో విప్పిన వెంటనే బ్యాటరీని తొలగించాలి.

మరమ్మతు దొరికే చోటు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 2016 వరకు నల్గొండ జిల్లాలోనే ఉండేవి; ఆ సంవత్సరం మొదటి రెండూ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. ఇటువంటి పట్టణాలలో ఈ పనికి టీవీ, సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాలే దారి. రిమోట్ బాగుచేయగలవాడు రబ్బరు బటన్లనూ బాగుచేయగలడు. ఫిల్మ్ మార్చుటకు ఫోన్ ఫ్లెక్స్‌లతో అలవాటున్న చేయి కావాలి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపొందినది. ఫిల్మ్ కొనే ముందు కంట్రోలర్‌ను విప్పి, బోర్డుపై ముద్రించిన సంఖ్యను వ్రాసుకొనవలెను. ఒకే పేరుతో అమ్మిన కంట్రోలర్లలోనూ బోర్డులు వేరుగా ఉంటాయి. సరిపడని ఫిల్మ్ తెస్తే మరల హైదరాబాదు ప్రయాణమే.